వేడినీళ్ళాయన కడగని తుపాకీ

క్లబ్బులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ వేడినీళ్ళాయన అనే అనేవాళ్ళు. ముఖం మీదే అన్నా ఏమీ అనుకునేవాడు కాదు సరికదా, లోలోపల మురిసిపోయేవాడు.

మూతిలోంచి మందు పోసి, దాని మీద అట్టబిళ్ళ దించి, సీసపు గుళ్ళు పోసి, గజమనే పొడవాటి కర్రతో దట్టించి కాల్చే పాతకాలపు జంటగొట్టాల తుపాకీలంటే మోజున్న ముప్ఫైమంది కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. ప్రాణమున్న దేని జోలికీ పోరు. ఆదివారం పొద్దున ఊరి చివర మైదానంలో గాల్లోకి మట్టి బిళ్ళలు ఎగరేసి వాటిని కాలుస్తారు, ఒకరి గురిని ఒకరు వెక్కిరించుకుంటారు, భోజనాల వేళకి ఇళ్ళకి పోతారు.

ఆ మందుతో ఒక తంటా ఉంది. కాల్చినప్పుడు తెల్లటి పొగ గుప్పుమని లేచి చూడముచ్చటగానే ఉంటుంది కాని, గొట్టంలో మిగిలిపోయిన మసి గాలిలో తేమని పీల్చుకుని ఇనుముని కొరుక్కుతింటుంది. అందుకని కాల్చిన రోజే, ఇంటికి వెళ్ళగానే, చొక్కా కూడా మార్చుకోకుండా గొట్టాల్ని వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. తుపాకీ పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. అందరికీ తెలిసిన సంగతిని తానే కనిపెట్టినట్టు చెప్పడంలో మాత్రం మన వేడినీళ్ళాయన తర్వాతే ఎవరైనా. బడిలో రసాయనశాల సామాను చూసుకునే ఉద్యోగం కాబట్టి, మసిలో ఏయే లవణాలుంటాయో, అవి నూనెకి లొంగక నీళ్ళకే ఎందుకు లొంగుతాయో చెప్పడం మొదలుపెట్టాడంటే విన్నవాడి టీ చల్లారిపోవాల్సిందే. ఎవడైనా "నిన్న కాస్త ఆలస్యమైందండీ, పొద్దున కడిగాను" అని నోరు జారాడో, ఇక వాడి పని అయిపోయినట్టే. నలుగురిలో నిలబెట్టి దులిపేసేవాడు. ఒకసారి ఓ బ్యాంకు గుమాస్తా తుపాకీలో ఆవగింజంత తుప్పు చూసి, "తుపాకీనే చూసుకోలేనివాడికి పిల్లనెవరిచ్చారయ్యా?" అనేశాడు. ఆ గుమాస్తా మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు.

ఆయనకి ఒక అక్క. బావ గడియారాలు బాగుచేస్తాడు. వాళ్ళ ఇంటి ముందుగదే షాపు. కిటికీ కింద బల్ల, బల్ల మీద గాజుమూతల కింద విప్పిపెట్టిన చక్రాలూ, మరలూ, కంటికి బిగించుకునే భూతద్దం. అట్టే మాట్లాడే మనిషి కాదు. గడియారం తెచ్చినవాళ్ళు రోగం సంగతి చెబుతూంటే, అప్పటికే వెనకమూత తీసి చూసేస్తూ ఉంటాడు. బావ కూడా ఆ క్లబ్బు మనిషే, క్లబ్బులో బావ తుపాకీ అంత శుభ్రమైనది ఇంకొకటి లేదని అందరూ ఒప్పుకునేవాళ్ళు. వేడినీళ్ళాయన కూడా ఒప్పుకునేవాడు, కొంచెం గొంతు తగ్గించి.

గొంతు తగ్గడానికి కారణముంది. ఆ తుపాకీ నాన్నది. పోయేముందు నాన్న దాన్ని కన్నకొడుకుని కాదని అల్లుడి చేతిలో పెట్టాడు. అనుమతి కాగితంలో ఇద్దరి పేర్లూ రాయించాడు గాని, తుపాకీ మాత్రం అల్లుడింట్లోనే ఉండాలన్నాడు. ఎందుకని అడిగితే, "వాడు కడుగుతాడు" అని ఒక్క మాటన్నాడు. కొడుక్కి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. ఆయనకి వేడినీళ్ళ పిచ్చి పట్టుకున్నది ఆ తర్వాతే.

ఈ ఏడాది వానలు మొదలయ్యేవేళకి బావ కుడికంట్లో పొర బాగా ముదిరింది. ఆపరేషన్ తప్పదన్నారు. నెల్లాళ్ళు వంగకూడదు, బరువెత్తకూడదు, పొగా దుమ్మూ తగలకూడదు. బావ ఆ తుపాకీని గుడ్డసంచిలో పెట్టి స్వయంగా బావమరిది ఇంటికి తెచ్చాడు.

"వారానికోసారి నూనెగుడ్డతో తుడువు, చాలు," అన్నాడు. "ఇంకొకరైతే ఇంకో నాలుగు ముక్కలు చెప్పేవాణ్ణి. నీకు నేను చెప్పేదేముంది?"

కాల్చొద్దని అనలేదు. అనాలని తోచి ఉండదు. ఆ అనని మాటనే పట్టుకుని, మూడో ఆదివారం మన ఆయన ఆ తుపాకీ భుజాన వేసుకుని పక్క ఊళ్ళో పోటీకి బయల్దేరాడు. తన తుపాకీ నిక్షేపంలా ఉంది, దానికే లోటూ లేదు. అయినా నాన్న తుపాకీతో నలుగురిలో నిలబడాలన్న కోరిక ముప్ఫై ఏళ్ళనాటిది.

ఇరవై అయిదు బిళ్ళలకి ఇరవై రెండు కొట్టాడు. రెండో స్థానం. అంతకుముందు ఆయన ఎన్నడూ పదిహేడు దాటి ఎరగడు. జనం చుట్టూ మూగి, "ఎవరిదండీ ఈ తుపాకీ?" అని అడిగితే, "మా నాన్నది" అన్నాడు. అబద్ధం కాదు. బావ ఊసు మాత్రం ఎత్తలేదు. వాళ్ళు మునగచెట్టు ఎక్కించారు, ఈయన ఎక్కి కూర్చున్నాడు.

తిరిగి వస్తూంటే వాన. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. తడిసిన సంచితో సహా తుపాకీని ముందుగది తలుపు వెనక నిలబెట్టి, పక్కింటాయన్ని పిలిచి కూర్చోబెట్టి ఇరవై రెండు బిళ్ళల కథ మొదలుపెట్టాడు. ఎనిమిదో బిళ్ళ దగ్గర ఉండగా భార్య గుమ్మంలోకి వచ్చింది.

"నీళ్ళు పెట్టనా?"

"ఏం నీళ్ళు?"

"తుపాకీకి."

"తుపాకీ సంగతి నువ్వు నాకు చెప్పాలా?" అన్నాడు. పక్కింటాయన ముందు చెప్పించుకోవడం నామోషీ అనిపించింది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆయనకి జ్వరం వచ్చిందనో, దగ్గర చుట్టం ఎవరో పోయారనో చెప్పగలిగితే ఎంత బాగుండేది. అలాంటిదేమీ జరగలేదు. సోమవారం మర్చిపోయాడు. మంగళవారం గుర్తొచ్చింది గాని అప్పటికే కంచం ముందు కూర్చున్నాడు. బుధవారం కథ వినడానికి ఇద్దరొచ్చారు. గురువారం, శుక్రవారం అసలు తలపుకే రాలేదు. ఆరు రోజులూ వాన పడుతూనే ఉంది. శనివారం పొద్దున తలుపు చేరవేస్తూంటే సంచి కాలికి తగిలింది.

పొయ్యి మీద నీళ్ళు పడేసి, చీల ఊడదీసి గొట్టాల్ని చెక్కపిడి నుంచి విడదీశాడు. అడుగుభాగం బకెట్లో ముంచి, గజానికి గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడించాడు. ఎప్పుడైనా మొదటి నీళ్ళు సిరాలా నల్లగా వస్తాయి, కుళ్ళిన గుడ్డు కంపుతో. ఈసారి నలుపు వెనకే ఇటుకరంగు నీళ్ళు వచ్చాయి. మూడు బకెట్లు మార్చినా ఆ రంగు పోలేదు. ఆరబెట్టి, చిన్న లైటు లోపలికి దించి చూశాడు. ఎడమ గొట్టం ఫరవాలేదు. కుడి గొట్టం అడుగున, జానెడు మేర, మశూచి పోసిన ముఖంలా గుంటలు పడిపోయి ఉంది. తీగబ్రష్షు పెట్టి రెండురోజులు తోమాడు. తుప్పు వదిలింది. గుంటలు గుంటలే. అవి ఇక పోయేవి కావని ఆయనకి తెలుసు. ఆ మాట ఆయనే వందమందికి చెప్పాడు.

నెలనాటికి బావ వచ్చాడు. నల్లకళ్ళద్దాలు తీసి చుట్టూ చూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఎంత బాగా కనపడుతోందిరా! మీ గోడకి ఇంత మంచి రంగుందని ఇన్నాళ్ళూ తెలీలేదు." కూర్చుంటూనే తుపాకీ అడిగాడు. గొట్టాలు విడదీసి, లైటు దించి, కొత్త కన్ను మూతికి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఇదేమిట్రా?"

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచానని ఆయన తర్వాత తనకి తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఎంతవరకు నమ్మాలో మనకి తెలీదు. నోట్లోంచి ఊడిపడ్డది మాత్రం ఒక ప్రశ్న.

"బావా, కిందటిసారి కాల్చాక నీళ్ళు సరిగ్గా పోశావా?"

"పోశాను," అన్నాడు బావ. ఒక్క క్షణం ఆగి, "పోశాననే జ్ఞాపకం," అన్నాడు.

"కంట్లో పొర ఎన్నాళ్ళ నుంచీ ఉంది?"

"రెండేళ్ళవుతుంది."

"అదీ సంగతి. ఇవి నిన్నా మొన్నా పడినవి కావు బావా. ఇదివరకు నీ కంటికి ఆని ఉండవు."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఎవరి మీదా నింద వేసినట్టు లేదు, జాలి చూపించినట్టే ఉంది. బావ ముఖంలో నవ్వు కాస్తా దీపం తగ్గించినట్టు పోయింది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి, దాచి లాభం లేదు. బావ అలా తల దించుకుంటే చూసి, ఒక్క క్షణంపాటు, ఒకే ఒక్క క్షణం, ఆయనకి హాయిగా అనిపించింది. వాడు కడుగుతాడు అన్నావుగా నాన్నా, చూడు, అనుకున్నాడు. ఆ క్షణం తల్చుకుంటే ఆయనకి ఇప్పటికీ ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంటుంది.

"మామగారు నమ్మి ఇచ్చిన వస్తువు," అన్నాడు బావ. "నన్ను క్షమించరా. దీన్ని నీ దగ్గరే ఉంచు. నేను తగను."

టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ భార్య అంతా విన్నది. కప్పులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. బావ వెళ్ళాక కూడా ఆ సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. తేలు కుట్టిన దొంగలా ఆయన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాడు.

వారం తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది.

"మీ బావకి ఏమైందిరా? రెండేళ్ళలో బాగుచేసిన గడియారాలన్నీ వెనక్కి తెమ్మని అందరికీ ఫోన్లు చేస్తున్నారు. మళ్ళీ విప్పి చూస్తారట. తుపాకీలో గుంటలే కనపడని కంటితో చక్రాల్లో పళ్ళు ఏం చూసి ఉంటానంటున్నారు."

ఆయన నీళ్ళు నమిలాడు. "జాగ్రత్త కోసమేలే అక్కా," అన్నాడు.

గడియారాలు నలభై దాకా వెనక్కొచ్చాయి. బావ పొద్దున్నించి చీకటిపడేదాకా వాటిని విప్పడం, చూడడం, బిగించడం. ఒకదాంట్లో సరిగ్గా బిగియని మర దొరికింది, ఇంకోదాంట్లో వెంట్రుక దొరికింది. ఆ రెండూ దొరకడం మరీ ప్రమాదమైపోయింది. చూశావా అన్నాడట అక్కతో. పనిచేసే మనిషి తన పనిని తానే అనుమానిస్తున్నాడంటే ఊరు ఊరుకుంటుందా? పాపం ఆయనకి చూపు పోయిందట, చెయ్యి వణుకుతుందట అని పాకిపోయింది. కొత్త గడియారాలు రావడం మానేశాయి. వచ్చిన ఒకటీ అరా కూడా బావే, "వేరే ఎవరికైనా ఇవ్వండి" అని తిప్పి పంపేవాడు. రెండో నెల సగంలో అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ఈ నెలాఖరుకి షాపు మూసేస్తున్నారని చెప్పింది. నలభై ఏళ్ళ షాపు. చెబుతూ ఏడ్చింది.

ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు. అయినా చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు ఆ వీధి మొగదాకా వెళ్ళి, కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చాడు. ఇంట్లో వంకాయలు పేరుకుపోయాయి. "ఇవన్నీ ఎవరికి?" అని భార్య అడిగితే, "చవగ్గా ఉన్నాయి" అన్నాడు. పరువు పోతుందన్న భయం ఒకటైతే, ఇన్నాళ్ళు దాచినందుకు ఏమంటారోనన్న భయం ఇంకోటి. రెండోది రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది.

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి ఏడాదికోసారి తుపాకీ కడగడం నేర్పుతారు. నేర్పేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ శనివారం బావ ఫోన్ చేసి, "రేపు ఆ తుపాకీ తీసుకురా, కాస్త పనుంది" అన్నాడు. ఏం పనో అడిగే ధైర్యం లేకపోయింది.

ఆదివారం పొద్దున మైదానం పక్క రేకుల షెడ్డులో ఏడుగురు కొత్తవాళ్ళు, ఓ పదిమంది పాతవాళ్ళు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. బావ ప్రెసిడెంటు దగ్గర రెండు నిమిషాలు అడిగి తీసుకుని, కుడి గొట్టంలోకి లైటు దించి కొత్తవాళ్ళందరికీ వరసగా చూపించాడు.

"ఆ గుంటలు చూశారుగా," అన్నాడు. ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని మనిషి. "కడిగాననుకోవడం వేరు, కడగడం వేరు. నేను కడిగాననుకున్నాను. ఇది నా నిర్లక్ష్యం. మీకు నేర్పబోయే ఆయన మాట ప్రతి ముక్కా వినండి. నేను విని ఉంటే ఇలా అయ్యేది కాదు."

వేడినీళ్ళాయన చేతిలో ఖాళీ బకెట్టు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీలేదు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఏడుగురు కొత్తవాళ్ళూ బావ వంక జాలిగా, తన వంక భక్తిగా చూస్తున్నారు. ఆ భక్తి భరించలేకపోయాడు.

"అది బావ చేసింది కాదు," అన్నాడు. "నేను చేశాను. నా దగ్గరున్నప్పుడు కాల్చి, కడక్కుండా వదిలేశాను. కొన్నాళ్ళు."

షెడ్డులో అందరూ ఆయన వంక తిరిగారు. తర్వాత ఎవరో ఫక్కున నవ్వారు.

"మీరా? కడగలేదా?" అన్నాడు ప్రెసిడెంటు. "బావగారి పరువు కాపాడ్డానికి ఇంకేదైనా నమ్మే అబద్ధం చెప్పండి సార్!"

అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకున్నారు. బావ దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళలో నీళ్ళు. "వద్దురా," అన్నాడు మెల్లిగా, "నా తప్పు నువ్వు నెత్తినేసుకోకు. బావమరిదంటే నువ్వేరా."

కాదు, నిజంగా నేనే, అని ఇంకోసారి అనాలి. ఆయన అనలేదు. బకెట్టు కింద పెట్టి, నీళ్ళు పోసి, పాఠం మొదలుపెట్టాడు. లవణాల గురించి చెప్పాడు. ఇంటికి వెళ్తూ, చెప్పానుగా, నమ్మకపోతే నేనేం చేస్తాను, అనుకున్నాడు. అలా అనుకుంటే కాస్త ఊరటగా కూడా అనిపించింది.

ఇంట్లో భార్య వంకాయలు తరుగుతోంది. ఆయన జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చివరిదాకా విన్నది.

"నమ్మలేదా?"

"లేదు."

"నమ్మేదాకా చెప్పారా?"

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి," అంది. ఆ సంగతి గురించి ఆవిడ నోరు విప్పడం ఈ రెండు నెలల్లో అదే మొదటిసారి.

వాళ్ళు వెళ్ళేసరికి అక్క ముందుగదిలో ఉంది. గోడకున్న పెద్ద గడియారాలు దింపి గుడ్డల్లో చుడుతోంది. బావ బల్ల దగ్గర సొరుగులు ఖాళీ చేస్తున్నాడు. తమ్ముణ్ణి చూడగానే అక్క ముఖం వెలిగింది.

"బావ చెప్పారురా, క్లబ్బులో నువ్వేమన్నావో."

"అక్కా, అది నిజం. నేనే కడగలేదు."

అక్క చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. తమ్ముడి ముఖం వంక చూసింది. చిన్నప్పటినుంచీ చూస్తూ వచ్చిన ముఖం అది. ఆమె నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు, నువ్వా అని అడగలేదు.

"ఎన్నాళ్ళు?" అంది.

"ఆదివారం కాల్చాను. శనివారం కడిగాను. ఆరు రోజులు."

"వర్షాల్లోనా?"

"వర్షాల్లోనే. నేను నీళ్ళు పెట్టనా అని అడిగాను కూడా వదినా," అంది భార్య.

"అందుకే నాన్న…" అని అక్క ఆగిపోయింది. ఆ ఆగిపోయిన మాట పూర్తిగా అన్నదానికంటే గట్టిగా తగిలింది.

బావ సొరుగు మూశాడు. "ఎందుకే వాణ్ణి…" అని ఏదో అనబోయి, భార్య ముఖమూ, బావమరిది భార్య ముఖమూ చూసి కుర్చీలో కూర్చున్నాడు. బావమరిదిని దగ్గరికి పిలిచి, ఏ రోజు తీసుకెళ్ళాడో, ఎన్నిసార్లు కాల్చాడో, సంచి ఎక్కడ పెట్టాడో, మొదటి నీళ్ళు ఏ రంగులో వచ్చాయో, ఒక్కొక్కటే అడిగాడు. గడియారం రోగం కనుక్కున్నట్టే అడిగాడు. ఆయన అన్నిటికీ తల దించుకుని జవాబు చెప్పాడు. ఇటుకరంగు నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి బావ కళ్ళు మూసుకున్నాడు. నమ్మకం కుదిరినట్టుంది.

"అయితే నేను కడిగాను," అన్నాడు బావ.

"కడిగావు బావా."

"నాకు బాగానే కనపడింది."

"బాగానే కనపడింది."

బావ చిన్న ఆశతో, అడగడానికి సిగ్గుపడుతున్నట్టుగా అడిగాడు. "మరి ఆ రెండు గడియారాలు? ఆ మర, ఆ వెంట్రుక?"

ఆ రెండూ కూడా తన పనే అని చెప్పగలిగితే ఆయన ఆ క్షణంలో ఆనందంగా చెప్పేవాడు. "అవి నేను కాదు బావా," అన్నాడు.

"నలభై విప్పితే రెండు దొరకవా ఎవరి పనిలోనైనా?" అంది అక్క.

"దొరుకుతాయి," అన్నాడు బావ. "ఇదివరకు నేను విప్పి చూసుకునేవాణ్ణి కాదు. బిగించానంటే బిగించినట్టే. రేపటినుంచి మళ్ళీ అలా ఎలా బిగించాలో తెలీడం లేదు."

వేడినీళ్ళాయన బావ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు. నలభై ఏళ్ళు ఈ మనిషి చెయ్యి కన్నుని నమ్మింది, కన్ను చేతిని నమ్మింది. ఆ రెండిటి మధ్యా తను ఒక మాట దూర్చాడు. గుంటలు పడ్డ గొట్టాన్ని ఎంత తోమినా ఏమవుతుందో ఆయనకి తెలుసు.

చాలాసేపటికి బావ లేచి, పేర్లూ నంబర్లూ రాసిన కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఫోన్ దాని పక్కకి జరిపాడు.

"నలభై మందికి నేను ఫోన్ చేశాను, నా చూపు మీద నాకు నమ్మకం లేదని. ఇప్పుడు నువ్వు చెయ్యి. ఎందుకు లేకుండా పోయిందో చెప్పు."

"ఇప్పుడేనా?"

"షాపు మూసేది నెలాఖరుకి. ఇంకా అయిదు రోజులుంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బావ వీపు తిప్పి, భూతద్దం కంటికి బిగించుకుని, ఒక గడియారం ముందుకు జరుపుకున్నాడు. విప్పలేదు, ఊరికే చూస్తున్నాడు. అక్క గోడ గడియారాలు చుట్టడం ఆపింది. భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

మొదటి నంబరు ఓ బస్సు కండక్టరుది. రెండు మోతలకే ఎత్తాడు.

"నమస్కారమండీ. గడియారాల షాపు నుంచి. కాదండీ, ఆయన కాదు, ఆయన బావమరిదిని. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయండీ. ఒక అబద్ధం వల్ల ఆయనలా అనుకున్నారు. నేను చెప్పిన అబద్ధం. ఆయన తుపాకీ నా దగ్గర ఉన్నప్పుడు, నేను కాల్చి, రెండు మూడు రోజులు కడక్కుండా…"

"ఆరు," అన్నాడు బావ, వెనక్కి తిరక్కుండానే.

అవతల కండక్టరు "హలో, హలో" అంటున్నాడు.

"ఆరు రోజులండీ," అన్నాడు.